యాసిడ్ కంటికి, చర్మానికి ఎంత ప్రమాదమో ఎలా తేల్చుకోవాలి?

అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోటల్లో డ్రిప్ పైపులకు పట్టిన ఉప్పు కరగడానికి యాసిడ్ వదులుతారు. కడపలో బండలు పరిచాక సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రీలు యాసిడ్‌తో కడిగిస్తారు. కర్నూలులో బోరు నీళ్ళకు టైల్స్ మీద తెల్లగా గట్టిపడిన చారలు వదలడానికి హార్డ్‌వేర్ షాపులో బాటిల్ తెచ్చుకుంటారు. అన్నిటినీ మనం యాసిడ్ అనే అంటాం. వాటిలో ఒకటి చర్మం మీద పడితే కాసేపు మండి తగ్గిపోతుంది. ఇంకొకటి మూడు నిమిషాలు కూడా పట్టకుండానే లోపలి పొర దాకా కాల్చేస్తుంది. చేతిలో ఉన్నది ఏ రకమో మూత తీయకముందే చాలావరకు తెలుసుకోవచ్చు.

ముందుగా ఒక మాట. చేతి మీద చుక్క వేసుకుని చూడటం, ముక్కు దగ్గర పెట్టి వాసన పీల్చడం, నాలుకకు తాకించడం ఎవరు చేస్తున్నా ఆపండి. అరచేతి చర్మానికి పైన మందమైన మృతకణాల పొర ఉంటుంది. కంటికి ఆ రక్షణ లేదు. నల్లగుడ్డు ముందుండే కార్నియా అద్దంలా పలుచని సజీవ పొర, అది మసకబారితే చూపే పోతుంది. "నా చేతికేం కాలేదు" అన్న మాట కంటి విషయంలో ఏమాత్రం పనికిరాదు.

1. దేనికోసం చూస్తున్నామో తెలుసుకోండి

రసాయనాల ప్రమాదాలను గుర్తించడానికి ఐక్యరాజ్యసమితి తయారు చేసిన జీహెచ్ఎస్ అనే పద్ధతి ఉంది. అందులో చర్మానికి రెండు మాటలు. నాలుగు గంటల లోపు తగిలినా సరే, పై పొర దాటి లోపలి చర్మం వరకు మళ్ళీ మామూలు కాని గాయం చేస్తే అది చర్మాన్ని కాల్చేది. ఎర్రబడి, మండి, వాచి, తర్వాత తగ్గిపోతే అది చికాకు కలిగించేది మాత్రమే. కంటికీ అంతే. 21 రోజుల్లో పూర్తిగా మామూలైతే చికాకు, కాకపోతే తీవ్రమైన కంటి దెబ్బ.

ఇందులో గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒకటుంది. చర్మాన్ని కాల్చేది అని తేలిన ప్రతి రసాయనాన్నీ, వేరే పరీక్ష లేకుండానే, కంటిని దెబ్బతీసేదిగా లెక్కేస్తారు. చర్మానికి పెద్దగా ఏమీ చేయని యాసిడ్ కంటిని మాత్రం బాధపెట్టొచ్చు. వంటలో వాడే నిమ్మ ఉప్పునే తీసుకోండి. అది చర్మాన్ని కాల్చదు గానీ కంట్లో పడితే గట్టిగా మండించే పదార్థాల జాబితాలో ఉంది. అందుకే చర్మానికి ఒక లెక్క, కంటికి మరో లెక్క వేసుకోవాలి, కంటి లెక్క ఎప్పుడూ కఠినంగా ఉండాలి.

2. లేబుల్ చదవండి

ఎర్ర గీతల డైమండ్ ఆకారంలో, రెండు గొట్టాల నుంచి ద్రవం కారి చేతినీ లోహాన్నీ తినేస్తున్నట్టు బొమ్మ ఉంటే పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు, అది కాల్చే రసాయనం. ఆశ్చర్యార్థకం గుర్తు మాత్రమే ఉంటే చికాకు స్థాయి కావచ్చు. బొమ్మ పక్కన హెచ్ అక్షరంతో అంకెలుంటే ఇలా చదువుకోండి: హెచ్314 అంటే చర్మం కాలుతుంది, కన్ను దెబ్బతింటుంది. హెచ్318 అంటే తీవ్రమైన కంటి దెబ్బ. హెచ్315 చర్మానికి చికాకు, హెచ్319 కంటికి తీవ్రమైన చికాకు.

క్యాన్లలో కొనేవాళ్ళు డీలర్‌ను సేఫ్టీ డేటా షీట్ అడగండి. అందులో 16 భాగాలుంటాయి. అన్నీ చదవక్కర్లేదు. రెండో భాగంలో ప్రమాదాలు, మూడో దాంట్లో ఏ యాసిడ్ ఎంత శాతం, తొమ్మిదో దాంట్లో పీహెచ్ (ఆమ్లతను చెప్పే అంకె, ఎంత తగ్గితే ఆమ్లత అంత ఎక్కువ), పదకొండో దాంట్లో చర్మం మీద, కంటి మీద చేసిన పరీక్షల వివరాలు ఉంటాయి.

లేబుల్ లేని సీసా, కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసిచ్చిన ద్రవం విషయంలో మాత్రం ఒకే తీర్పు: అది కాల్చే యాసిడ్ అనే అనుకోండి. అసలు అలా అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి. యాసిడ్ అమ్మకాలకు రిజిస్టరు ఉండాలని, గుర్తింపు కార్డు చూడాలని, 18 ఏళ్ళ లోపు వాళ్ళకు అమ్మకూడదని సుప్రీంకోర్టు 2013 జులైలో ఆదేశించింది.

3. పేరు కన్నా శాతం ముఖ్యం

ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. "ఫాస్పారిక్ యాసిడ్ మంచిదేనంట, సల్ఫ్యూరిక్ చెడ్డదంట" అని పేరు మీద తీర్పు చెప్తారు. యూరప్ దేశాలు అధికారికంగా పెట్టుకున్న హద్దులు చూస్తే అసలు విషయం అర్థమవుతుంది.

సల్ఫ్యూరిక్ యాసిడ్ 15 శాతం దాటితే అత్యంత వేగంగా చర్మాన్ని కాల్చే వర్గంలోకి వెళ్తుంది, అంటే మూడు నిమిషాల లోపు తగిలినా చాలు. 5 నుంచి 15 శాతం మధ్య చికాకు స్థాయి. లారీ, ట్రాక్టర్ బ్యాటరీలో ఉండేది సుమారు 35 శాతం. నైట్రిక్ యాసిడ్ 5 శాతానికే కాల్చే వర్గంలోకి వస్తుంది. బంగారం పని చేసేవాళ్ళు దీన్ని అందుకే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. హైడ్రోక్లోరిక్, ఫాస్పారిక్ రెండూ 25 శాతం దాటితే కాల్చేవి, 10 నుంచి 25 మధ్య చికాకు కలిగించేవి. మామూలుగా క్యాన్లలో వచ్చే హైడ్రోక్లోరిక్ 30 నుంచి 33 శాతం ఉంటుంది. పచ్చళ్ళలో వేసే వెనిగర్‌లో ఉన్న ఎసిటిక్ యాసిడ్ 5 శాతం దగ్గర ఉంటే తినే పదార్థం, అదే 90 శాతం దాటితే సల్ఫ్యూరిక్ పక్కన నిలబడుతుంది.

ఒక్క యాసిడ్‌కు ఈ లెక్కలేవీ పెట్టుకోవద్దు. అది హైడ్రోఫ్లోరిక్. తుప్పు వదిలించే కొన్ని ద్రవాల్లో, గాజు మీద చెక్కే మందుల్లో ఉంటుంది. 1 శాతానికే కాల్చే వర్గం. పైగా పలచగా ఉన్నది పడితే వెంటనే నొప్పి తెలియదు, గంటల తర్వాత మొదలవుతుంది, అప్పటికి అది లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని లాగేస్తూ ఉంటుంది. లేబుల్ మీద ఈ పేరు కనిపిస్తే ఇంటి పనికి ఆ సీసా వద్దు.

4. పీహెచ్ చూడండి, కానీ అక్కడే ఆగకండి

పీహెచ్ 2 లేదా అంతకంటే తక్కువ ఉంటే, వేరే ఆధారం లేనంతవరకు, కాల్చేదిగానే భావిస్తారు. పీహెచ్ స్ట్రిప్పులు ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. గ్లౌజులు, కళ్ళకు గాగుల్స్ పెట్టుకుని, గాజు కడ్డీతో ఒక్క చుక్క స్ట్రిప్ మీద వేసి రంగు పోల్చాలి. పసుపుతో తెలుస్తుందని కొందరంటారు. పసుపు క్షారానికి ఎర్రబడుతుంది గానీ యాసిడ్‌ను పట్టుకోలేదు.

అయితే నిమ్మరసం పీహెచ్ కూడా 2కు కాస్త పైనే. చేతులకు రోజూ తగులుతున్నా చర్మం కాలడం లేదు కదా? కొళాయి నుంచి ఎంత ధారగా వస్తోందో చెప్పేది పీహెచ్. ట్యాంకులో ఎంత నిల్వ ఉందో చెప్పేది యాసిడ్ నిల్వ. చర్మం, కన్నీళ్ళు కొంత యాసిడ్‌ను సర్దుబాటు చేసుకోగలవు. నిల్వ తక్కువైతే అక్కడితో ఆగిపోతుంది, ఎక్కువైతే ఆగదు. ల్యాబుల్లో ఎంత క్షారం పోస్తే ఆమ్లత పోతుందో కొలిచి ఈ నిల్వను లెక్కిస్తారు. మనకు ఆ అవకాశం లేదు కాబట్టి పీహెచ్‌తో పాటు శాతాన్ని కలిపి చూడాలి. రెండూ చెడ్డగా ఉంటే కాల్చేదే. పీహెచ్ చెడ్డగా ఉండి శాతం తెలియకపోయినా కాల్చేదే అనుకోవాలి.

కొత్త రసాయనాలకు కంపెనీలు కూడా ఇదే వరసలో వెళ్తాయి. ఉన్న సమాచారం, పీహెచ్, నిల్వ చూశాక ల్యాబులో పెంచిన మానవ చర్మపు పొర మీద, కబేళా నుంచి తెచ్చిన పశువుల కార్నియా మీద పరీక్షిస్తారు. బతికున్న జంతువు మీద పరీక్ష అన్నిటికంటే చివరి మార్గం.

5. ఎలా వాడబోతున్నారో కలిపి చూడండి

చీనీ తోటలోకే వెళ్దాం. డ్రిప్ లైన్‌లో నీళ్ళను పీహెచ్ 4 దగ్గరకు తెచ్చేలా యాసిడ్ కలుపుతారు. ఆ నీళ్ళు చివర డ్రిప్పర్ దగ్గర చేతి మీద పడితే ఏమీ కాదు. క్యాన్‌లోని 33 శాతం హైడ్రోక్లోరిక్‌తో పోలిస్తే ఆ నీళ్ళలో ఆమ్లత సుమారు లక్ష రెట్లు తక్కువ. అంటే మొత్తం పనిలో ప్రమాదం ఉన్నది క్యాన్ మూత తీసి బకెట్‌లోకి వంచే ఆ రెండు నిమిషాల్లో. గాగుల్స్, మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు అప్పుడే ఉండాలి. ముందు నీళ్ళు, తర్వాత అందులో యాసిడ్ మెల్లగా. యాసిడ్‌లో నీళ్ళు పోస్తే, ముఖ్యంగా సల్ఫ్యూరిక్ అయితే, ఒక్కసారిగా వేడెక్కి ముఖం మీదికి చిమ్ముతుంది.

కడప బండ సంగతి వేరు. అది సున్నపురాయి. యాసిడ్ పడగానే బుసబుసమని నురగ వస్తుంది, ఆ బుడగలు పగిలినప్పుడు కంటికి కనిపించనంత సన్నని తుంపర లేస్తుంది. మోకాళ్ళ మీద వంగి రుద్దే మనిషి కళ్ళు సరిగ్గా ఆ తుంపర ఎత్తులో ఉంటాయి. పలచన చేసిన యాసిడే కదా అని అద్దాలు లేకుండా పని చేయించకండి. నిజానికి యాసిడ్ ఆ బండ నునుపునే తినేస్తుంది, ఆ పనికి దాన్ని వాడకపోవడమే మంచిది.

చెప్పులో, గ్లౌజులో, తడిసిన బట్టలో యాసిడ్ చిక్కుకుంటే చర్మానికి ఎక్కువసేపు అంటుకుని ఉంటుంది, చికాకు స్థాయిదీ గాయం చేయగలదు. చిక్కగా జారే టాయిలెట్ క్లీనర్లదీ అదే సమస్య. వాటిని బ్లీచింగ్ పౌడరుతో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, అది కళ్ళతో పాటు ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తుంది.

6. పడితే ఏం చేయాలి

వెంటనే నీళ్ళు. తడిసిన బట్టలు విప్పుతూనే చర్మాన్ని పారే నీళ్ళ కింద కనీసం 20 నిమిషాలు కడగాలి. కన్నైతే రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకుని, లెన్స్ ఉంటే తీసేసి, రెండో కంట్లోకి నీళ్ళు పోకుండా తల పక్కకు వంచి, 20 నుంచి 30 నిమిషాలు కడగాలి. వంట సోడాగానీ సున్నంగానీ వేసి యాసిడ్ బలాన్ని పోగొట్టాలని చూడొద్దు. ఆ చర్యలో పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది. పైగా సున్నం కంట్లో పడితే యాసిడ్ కన్నా లోతుకు దిగుతుంది.

కడగడం పూర్తికాకముందే ఆసుపత్రికి పరుగెత్తకండి. పక్కవాళ్ళు 108కి ఫోన్ చేస్తుంటే మీరు కడుగుతూ ఉండండి. మంట తగ్గినా, కన్ను మామూలుగా కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. వెళ్ళేటప్పుడు సీసా లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకెళ్ళండి. ఏ యాసిడ్, ఎంత శాతం, ఎంతసేపటి కింద పడింది అన్నవే డాక్టరు మొదట అడిగే ప్రశ్నలు. హైడ్రోఫ్లోరిక్ అని అనుమానమున్నా ఆ మాట గుమ్మంలోనే చెప్పండి, దానికి కాల్షియంతో చేసే వైద్యం వేరుగా ఉంటుంది.