బీటెక్ ఫస్టియర్‌కి హైదరాబాద్ వస్తున్నారా? హాస్టల్ ఇలా చూసుకోండి

కేపీహెచ్‌బీలో ఇల్లు కట్టుకున్న పాపానికి, ఖమ్మం వైపు చుట్టాల పిల్లలందరూ కాలేజీలో చేరే ముందు మా ఇంట్లోనే దిగుతారు. ఇప్పటికి పదకొండు మందిని దగ్గరుండి చేర్పించాను. వాళ్లలో నలుగురు సెమిస్టర్ తిరక్కుండానే హాస్టల్ మారారు. ఆ నలుగురూ "అబ్బే, మేం చూసేశాం పిన్నీ" అన్నవాళ్లే. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి అని ఆర్నెల్లు ఆరా తీసే తల్లిదండ్రులు, పిల్లాడు నాలుగేళ్లు పడుకోబోయే గదిని పది నిమిషాల్లో ఖాయం చేసి ఊరి బస్సెక్కేస్తారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

1. కాగితాలు

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, క్యాస్ట్, ఇన్‌కమ్, ఆధార్, ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ ఆర్డర్. ఒక్కోటి ఐదు జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు ఒక డజను. అన్నీ స్కాన్ చేసి అమ్మ ఫోన్లో, నాన్న ఫోన్లో కూడా పెట్టండి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ మీ ఊళ్లోనే మీసేవలో తీసుకుని రండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేసే రోజున దానికోసం మళ్లీ ఊరికి పరుగెత్తినవాళ్లు మా చుట్టాల్లోనే ముగ్గురున్నారు.

ఒరిజినల్స్ చూసుకుని వెనక్కి ఇచ్చేయాలే తప్ప కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీలని అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే చెప్పింది. కౌంటర్ దగ్గర ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి. అయినా తీసుకుంటామంటే, ఏమేమి ఇచ్చారో రాయించి స్టాంపు వేయించుకున్న రసీదు లేకుండా అక్కణ్నుంచి కదలొద్దు.

2. సామాను

బకెట్టు, మగ్గు, రెండు దుప్పట్లు, మంచి తాళం, ఎక్స్‌టెన్షన్ బాక్సు, పేరు కొట్టించిన స్టీలు కంచం. ఆవకాయ గాజు సీసాలో పంపొద్దు. ల్యాప్‌టాప్ మొదటి సెమిస్టర్‌లో కొనొద్దు, ల్యాబులో ఉన్న కంప్యూటర్లు చాలు. డ్రాఫ్టరు (ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కి వాడే స్కేళ్ల పరికరం), ల్యాబ్ కోటు కాలేజీ వాళ్లు చెప్పాకే, అది కూడా సీనియర్ల దగ్గర సగం ధరకి. పుస్తకాలకి కోఠీలో సెకండ్ హ్యాండ్ షాపులున్నాయి. ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉంది. మిగతావి ఈ ఊళ్లోనూ అమ్ముతారు, ట్రంకు పెట్టె మోసుకురావక్కర్లేదు.

3. హాస్టల్

ముందు ఏరియా. పేరుకి హైదరాబాద్ కాలేజీయే, తీరా చూస్తే అది ఘట్‌కేసర్‌లోనో ఇబ్రహీంపట్నంలోనో మొయినాబాద్‌లోనో మేడ్చల్‌లోనో ఉంటుంది. "మెట్రో పక్కనే హాస్టల్ అండీ" అని ఓనరు ఊరిస్తాడు. మెట్రోకి ఉన్నవి మూడు దారులు: మియాపూర్ నుంచి ఎల్బీనగర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ (ఈ రెండూ ఊళ్లకి బస్సులు బయల్దేరే పెద్ద బస్‌స్టాండ్లు). మీ కాలేజీ ఆ దారుల మీద లేకపోతే ఆ మెట్రో మీకు ఆదివారం షికారుకే. చూడాల్సింది కాలేజీ బస్సు ఎక్కే స్టేజీ. హాస్టల్ నుంచి అక్కడికి నడిచి పది నిమిషాలు దాటకూడదు. గూగుల్ చెప్పిన పది నిమిషాలు కాదు, బ్యాగు వేసుకుని మీరు నడిచిన పది నిమిషాలు.

అమీర్‌పేట వద్దు. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లకి ఏదో ఒక కోర్సు నేర్చుకుని మూడు నాలుగు నెలల్లో వెళ్లిపోయేవాళ్లే ఎక్కువగా వస్తారు. గదిలో మొహాలు మారుతూనే ఉంటాయి, పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఎవరితో కుదురుకుంటాడు? బాగానే ఉందన్నవాళ్లూ ఉన్నారు. ఉండనివ్వండి.

ఇక అందరూ బోల్తా పడేది హాస్టల్ చూసే వేళ దగ్గర. పొద్దున ఊర్నుంచి బయల్దేరి పదకొండింటికి దిగుతారు, పన్నెండు లోపు మూడు హాస్టళ్లు చూసేస్తారు. ఆ వేళకి అందరూ కాలేజీల్లో, ఆఫీసుల్లో ఉంటారు. బాత్రూములు కడిగి ఉంటాయి, కారిడార్ నిశ్శబ్దం, వంటింట్లోంచి పోపు వాసన. పదకొండు గంటలకి చూస్తే ఏ హాస్టలైనా ఆశ్రమంలాగే ఉంటుంది. మా అక్క కొడుకుని అలాగే చేర్చాం, అప్పటికి నాకూ తెలియదు. రెండో రోజు రాత్రి ఫోన్ చేశాడు. పక్క మంచం అబ్బాయిది నైట్ షిఫ్టు, రెండింటికి వచ్చి లైటు వేస్తాడు. కిటికీ అవతల ఫంక్షన్ హాలు, పెళ్లిళ్ల సీజన్ మొదలైంది, డీజే గోల. ఇవి రెండూ పగలు కంటికి కనిపించే సంగతులా?

కాబట్టి వారం మధ్యలో, రాత్రి ఎనిమిదింటికి వెళ్లండి. ఆడపిల్లల హాస్టలైతే నాన్నని పైకి రానివ్వరు, అమ్మనో అక్కనో తీసుకుని ఏడింటికే వెళ్లండి. అందుకు ఆ రాత్రి ఊళ్లో ఉండాల్సి వస్తే ఉండండి. లాడ్జి ఖర్చుకి వెనకాడి అడ్వాన్సు పోగొట్టుకోవడం తెలివి కాదు.

వెళ్లాక ఓనరుని కాదు, గుమ్మం దగ్గర చెప్పులు చూడండి. ఒక్కో అంతస్తులో ఎందరున్నారో వాటిని బట్టే తెలిసిపోతుంది. తర్వాత బాత్రూములు లెక్కపెట్టండి. పన్నెండు మందికి రెండు బాత్రూములున్నాయనుకోండి. మనిషికి పది నిమిషాల చొప్పున అందరి స్నానాలకీ గంట పడుతుంది. ఏడింటికి బస్సు, అందరూ లేచేది ఆరున్నరకి. ఈ లెక్క వేయకుండా ఏసీ ఉందా, వైఫై ఉందా అని అడిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గదిలో కిటికీ తెరిచి చూడండి. అపార్టుమెంటు ఫ్లాటుకి ప్లైవుడ్ అడ్డం పెట్టి గదులు చేసిన చోట కిటికీ డక్టులోకి తెరుచుకుంటుంది, వెలుతురూ ఉండదు గాలీ ఉండదు. మంచం పక్కన ప్లగ్ పాయింటు ఉందా, ఫోన్ సిగ్నల్ ఉందా, రాత్రి గేటుకి తాళం వేస్తే ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, మెట్లకి అడ్డంగా గ్యాస్ సిలిండర్లు పెట్టారా? చివరి రెండూ అడిగితే ఓనరు మొహం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనివ్వండి.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. మీరు చేరేది వానాకాలంలో. బోర్లు నిండి ఉంటాయి, ట్యాప్ తిప్పితే ధారగా వస్తుంది. ఏప్రిల్లో ఏమిటన్నది అసలు ప్రశ్న. మంజీరా (జలమండలి కుళాయి నీళ్ల) కనెక్షన్ ఉందా, బోరు ఒక్కటేనా, ఎండాకాలంలో ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి వచ్చిందని అడగండి. ఓనరు "మా దగ్గర నీళ్ల సమస్యే లేదు" అంటాడు. కిందటి ఎండాకాలం అక్కడున్న పిల్లల్ని పట్టుకుని అడగండి. పోయిన ఎండాకాలం ఉన్నవాళ్లు ఒక్కరూ దొరకలేదంటే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

తిండి గురించి మాటలు వద్దు, డబ్బులిచ్చి ఆ పూట అక్కడే తినండి. పప్పులో గరిటె పెట్టి కింద నుంచి కలిపి చూడండి. చాలా చోట్ల ఆదివారం మధ్యాహ్నం చికెన్ పెట్టి రాత్రికి చేతులెత్తేస్తారు. ఆదివారం రాత్రి ఏం పెడతారో తప్పకుండా అడగండి.

డబ్బు దగ్గర నాలుగు ప్రశ్నలు: అడ్వాన్సులో మెయింటెనెన్స్ కింద ఎంత కట్ చేస్తారు, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, సెలవులకి ఊరెళితే నెల అద్దె పూర్తిగా కట్టాలా, త్రీ షేరింగ్ అని చెప్పి నాలుగో మంచం వేస్తారా. జవాబులు రసీదు వెనకాల రాయించి సంతకం పెట్టించండి. నోటిమాట మీద వదిలేస్తే ఖాళీ చేసే రోజున ఓనరు "అలా ఎవరన్నారు" అంటాడు. మొదటిసారి మూడు నెలలు ఒకేసారి కట్టొద్దు, తగ్గిస్తానన్నా సరే. ఒక నెల కట్టి చూడండి.

మా బావగారి పద్ధతి వేరు. ఆయనకి ప్రతి ఊళ్లోనూ తెలిసినవాళ్లుంటారు. "మనవాడి హాస్టలే, ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది" అని వాళ్లమ్మాయిని చేర్చారు. తెలిసినవాడి హాస్టల్లో ఉన్న ఇబ్బంది, చారులో బొద్దింక వచ్చినా నోరెత్తలేం. ఆ పిల్ల ఏడాదంతా బయట ఇడ్లీ తింది. ఫోన్లో ఫొటోలు చూసి బుక్ చేసుకునేవాళ్ల గురించి మాట్లాడదలుచుకోలేదు. ఇక చుట్టాలింట్లో ఉంచడం అన్నిటికంటే తప్పు. మా ఇల్లయినా సరే. నేను తొమ్మిదింటికి టీవీ పెట్టుకుంటాను, నా కోసం ఎవరూ చదువు మానుకోవద్దు, వాళ్ల కోసం నేను టీవీ కట్టేయను.

4. మొదటి నెల

సిటీ బస్సుల్లో తిరగడానికి అబ్బాయిలు ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీసుకోవాలి. తెలంగాణ అడ్రసున్న ఆధార్ చూపిస్తే అమ్మాయిలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ప్రయాణం ఉచితం.

ఇక ర్యాగింగ్. పరిచయం పేరుతో ఎవరైనా హద్దు మీరితే సర్దుకుపోవాలని చెప్పే పెద్దల్ని నమ్మొద్దు. మనకి 1997 నుంచి చట్టం ఉంది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఏ వేళైనా పలుకుతుంది. నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి.

మార్కుల్లో ఒక మెలిక ఉంది. జేఎన్‌టీయూ 2022లో తెచ్చిన ఆర్22 రెగ్యులేషన్‌లో ఇంటర్నల్స్ (కాలేజీలో మధ్యమధ్య పెట్టే పరీక్షలు) 40కి, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 60కి. ఇంటర్నల్స్‌లో కనీసం 14, ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21 రావాలి. రెండూ వచ్చాయని సంబరపడితే మొత్తం 35 అవుతుంది, పాసవడానికి 40 కావాలి. లెక్కల పేపరు ఎం1లో ఇలా పోయినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. తర్వాతి బ్యాచిలకి రెగ్యులేషన్ మారి ఉండొచ్చు, పరీక్షలు తామే పెట్టుకునే అటానమస్ కాలేజీలైతే సొంత నియమాలుంటాయి, చేరిన వారంలోనే ఆ పుస్తకం అడిగి చదవండి.

హాజరు 75 శాతం. 65 దాటి 75 లోపుంటే జబ్బు చేసిందని కాగితం పెట్టి, ఫీజు కట్టి బతిమాలుకోవాలి. 65 తగ్గితే డిటెయిన్, సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. తొంభై రోజులు క్లాసులు జరిగాయనుకుంటే మీ చేతిలో ఉన్నవి 22 రోజులు. జ్వరాలు, పెళ్లిళ్లు, బతుకమ్మకి రెండ్రోజులు ముందే ఊరెళ్లడం అన్నీ అందులోంచే. దసరా టికెట్లు ఆ తారీఖులకి బుకింగ్ తెరవగానే తీసుకోండి. ఖమ్మం వైపువాళ్లు ఎంజీబీఎస్ దాకా వెళ్లక్కర్లేదు, ఎల్బీనగర్‌లో ఎక్కొచ్చు. కరీంనగర్ వైపువాళ్లకి జేబీఎస్. తిరుగు టికెట్ కూడా అదే రోజు చేయించండి. పండగ మర్నాడు బస్సు దొరకలేదంటే హాజరు వేసే లెక్చరర్ వినడు.