గ్రీన్‌బ్యాక్ గొడవను క్లాసులో ఎలా చెప్పాలి?

అమెరికా అంతర్యుద్ధం తర్వాత కాగితం డబ్బా, బంగారమా అని జరిగిన గొడవను చెప్పాల్సి వస్తే, ఆర్థిక మంత్రి ఛేజ్‌తో మాత్రం మొదలుపెట్టకండి. మొదటి ఏడాది నేను అలాగే చేసి వెనక బెంచీలను పది నిమిషాల్లో నిద్రపుచ్చాను. అప్పుతో మొదలుపెట్టండి. నోటు రాసి అప్పు తేవడమంటే ఏమిటో మన ఊళ్ల పిల్లలకు ఇంట్లోనే తెలుస్తుంది.

బోర్డు మీద లెక్క వేయండి. 1862లో యుద్ధం ఖర్చుకని ప్రభుత్వం గ్రీన్‌బ్యాక్ నోట్లు అచ్చేసింది. వాటికి బంగారం ఇస్తామన్న మాట లేదు. 1864 జూలైలో అలాంటి డాలరు పెడితే 40 సెంట్ల బంగారం కూడా వచ్చేది కాదు. అప్పుడొక రైతు వెయ్యి కాగితపు డాలర్లు అప్పు చేశాడనుకోండి. అతని చేతికొచ్చింది 400 డాలర్ల బంగారం విలువ కూడా చేయదు. కాగితాన్ని మళ్లీ బంగారంతో సమానం చేస్తే? తీర్చాల్సింది నిండు వెయ్యి, వడ్డీ వేరే. ఇక్కడ కాసేపు ఆగండి. క్లాసు దానంతటదే రెండుగా చీలిపోతుంది.

తర్వాత బాండ్లకు, అంటే యుద్ధానికి అప్పు తెచ్చుకుంటూ ప్రభుత్వం రాసిచ్చిన పత్రాలకు, రండి. అసలు మజా ఇక్కడే. వడ్డీ బంగారంలో కడతామని 1862 చట్టంలో ఉంది, అసలు సొమ్ము ఎందులో కడతారో లేదు! ఒహాయో నాయకుడు పెండిల్టన్ అది పట్టుకుని, ఆ సొమ్ము కాగితాల్లోనే కట్టేద్దామన్నాడు. బాండ్లు కొన్నవాళ్ల తరఫున బాగా మాట్లాడే పిల్లను నిలబెట్టండి. నా మొగ్గు రైతు వైపే, కానీ ‘రేపు ఇంకో యుద్ధమొస్తే మీకు అప్పెవరిస్తారు?’ అని ఆ పిల్ల అడిగితే నా దగ్గర జవాబు లేదు. 1869లో గ్రాంట్ అధ్యక్షుడు కాగానే బంగారం వైపే సంతకం పెట్టాడు.

ఛేజ్‌ని ఇప్పుడు తీసుకురండి. ఆ నోట్లు తెచ్చినవాడు, ఒక డాలరు నోటు మీద తన బొమ్మే వేయించుకున్నవాడు. 1870లో ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో కూర్చుని, పాత అప్పులకు అవి చెల్లవని తీర్పిచ్చాడు. మరుసటి ఏడాదే కోర్టు దాన్ని తిరగేసింది. ఇక ఎవరూ నిద్రపోరు.

1873 ఆర్థిక సంక్షోభాన్ని, నోట్లకు మళ్లీ బంగారం ఇవ్వాలన్న 1875 చట్టాన్ని రెండు ముక్కల్లో తేల్చేయండి. చివర్లో ఒక్క ప్రశ్న: ‘1879 జనవరిలో కాగితం ఇస్తే బంగారం ఇవ్వడం మొదలైంది. మీరైతే వెళ్తారా?’ చేతులన్నీ లేస్తాయి. న్యూయార్క్‌లో మొదటి రోజు జనం తీసుకెళ్లిన బంగారం కన్నా, నోట్ల కోసం తెచ్చి ఇచ్చిన బంగారమే ఎక్కువని అప్పుడు చెప్పండి.