అరకు నడక: శని, ఆదివారాలకు కాఫీ తోటలో మకాం

బొర్రా గుహలు, కటికి జలపాతం, చాపరాయి, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట అన్నీ ఒక్క శనివారంలో చుట్టేయాలనుకుంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది. నడక కోసం వెళ్తున్నవాళ్లు ఆ జాబితాను ఇంకోసారికి దాచుకోవడం మంచిది. ఒక తోట ఇల్లు చూసుకుని, దాని గుమ్మం ముందు మొదలయ్యే దారుల్లోనే రెండు రోజులూ తిరగండి. అందుకే మకాం ఎంపిక మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

చెట్ల నీడలో నడవాలంటే అనంతగిరి, సుంకరిమెట్ట వైపు దిగండి. అక్కడ సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు ఉంటాయి. పసుపు పచ్చగా పూసిన వలిసె చేలు చూడాలంటే నవంబరు, డిసెంబరుల్లో అరకు లోయలోనే ఉండాలి. కాఫీ పూత మార్చి, ఏప్రిల్‌లలో ఒక మంచి వాన పడ్డాక వస్తుంది. తోట తెల్లబడి మల్లెల్లాంటి వాసన వస్తుంది గానీ కొద్ది రోజులే ఉంటుంది, కాబట్టి తేదీ చూసి కాదు, తోటవాళ్లకు ఫోన్ చేసి బయల్దేరాలి. మబ్బుల సముద్రం కోసం వంజంగి వెళ్లాలనుంటే మకాం పాడేరులో పెట్టుకోండి. అరకులో పడుకుని అర్ధరాత్రి ఘాట్ దారి పట్టడం తెలివైన పని కాదు.

గది ఖాయం చేసుకునే ముందు ఫోన్‌లో అడగాల్సినవి ఫోటోల్లో కనిపించవు. రోడ్డు దిగాక ఇంటిదాకా ఎంత దూరం, చివరి మెట్టకు చిన్న కారు ఎక్కుతుందా? వేడినీళ్లు గీజరువా, కట్టెల పొయ్యి మీదివా? కరెంటు పోతే గీజరు ఉన్నా లేనట్టే. మనిషికి రెండు కంబళ్లు ఇస్తారా? డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల కిందికి పడిపోవడం మామూలే, ఒక్క కంబళి చాలదు. దోమతెర ఉందా? ఏ ఫోన్ సిగ్నల్ అందుతుంది? భోజనం సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. నాటుకోడి కావాలంటే పొద్దున్నే చెప్పాలి, ఆకలేసినప్పుడు చెబితే రెండు గంటలు కూర్చోవాల్సిందే.

విశాఖ నుంచి రోడ్డు దారి శృంగవరపుకోట మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. కిరండూల్ రైలు పొద్దున ఏడు లోపే బయల్దేరి, సొరంగాలు దాటుకుంటూ సుమారు నాలుగు గంటల ప్రయాణంలో అరకు చేరుస్తుంది. వారాంతంలో జనరల్ పెట్టెలో నిలబడే చోటు కూడా దొరకదు, రిజర్వేషన్ ముందే చేయించండి. ఇనుప ఖనిజం దించడానికి వేసిన లైను ఇది. గూడ్సు బళ్లకు దారి ఇస్తూ వచ్చే తిరుగు రైలు ఆలస్యం కావడం కొత్తేమీ కాదు. సోమవారం ఉద్యోగం ఉన్నవాళ్లు ఆదివారం మధ్యాహ్నం బస్సుకే దిగిపోవడం నయం. భారీ వానల్లో కొండరాళ్లు పట్టాల మీద పడి రైళ్లు ఆగిపోతాయి, అప్పుడూ బస్సు ఆలోచన ఉండాలి.

శనివారం పెద్ద నడక పెట్టుకోకండి. భోంచేసి, మూడింటికి బయల్దేరి మూడు నాలుగు కిలోమీటర్లు తిరిగి రండి. వాగు ఎక్కడుంది, కుక్కలు ఏ ఇంటి దగ్గరున్నాయి, దారి ఎక్కడ చీలుతుంది అన్నవి తెలుస్తాయి. డిసెంబరు మొదట్లో 5:20 ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది. కొండ పడమటన ఉంటే తోటలో ఇంకా ముందే చీకటి పడుతుంది, ఐదుకల్లా ఇంటికి చేరాలి.

అసలు నడక ఆదివారం పొద్దున. దూరం ఒక్కటే లెక్కేసుకుంటే మోసపోతారు. అలవాటు లేనివాళ్లకు గంటకు మూడు కిలోమీటర్లు, పైగా ప్రతి వంద మీటర్ల ఎత్తుకు పది నిమిషాలు కలపండి. తొమ్మిది కిలోమీటర్లు, మూడు వందల మీటర్ల ఎక్కుడు అయితే మూడున్నర గంటలు, ఆగిన సమయంతో నాలుగుంపావు. ఆరున్నరకు బయల్దేరితే పదకొండుకల్లా ఇల్లు చేరతారు. తొమ్మిదికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకోండి. శిఖరం ఇంకో మలుపే అనిపించడమే చాలామందిని ఎండలో నిలబెడుతుంది. మంచు దట్టంగా ఉంటే, చీలే దారులు కనిపించేదాకా గుమ్మంలోనే కాఫీ తాగండి.

తోటల మధ్య కాలిబాటలు ఫోన్ మ్యాపులో చాలావరకు ఉండవు. ఇంటివాళ్ల ద్వారా ఊరి కుర్రాడిని తోడు తీసుకోండి, కూలి ముందురోజు రాత్రే మాట్లాడుకోండి. దారిలో ఎవరినైనా అడిగితే ‘దగ్గరే’ అంటారు. వాళ్ల కాళ్లకు అది నిజమే! వాళ్లకు ఎంతసేపు పడుతుందో అడిగి, దానికి సగం కలుపుకోండి. పెద్దవాళ్లలో చాలామంది ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, తెలుగు నిదానంగా మాట్లాడితే చాలు.

మోయాల్సింది తక్కువే. నడిచే ప్రతి గంటకు మనిషికి అర లీటరు నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, వేరుశనగ చిక్కీ, టార్చి, పలుచని రెయిన్‌కోటు, పేపర్ టేపు. వాగు నీళ్లు తేటగా ఉన్నా తాగొద్దు, పైన పశువులు దిగుతాయి.

కొత్త బూట్లతో కొండెక్కొద్దు. కనీసం రెండు వారాలు ఊళ్లో తొడిగి తిరగండి. మడమ దగ్గర మంటగా అనిపించిన వెంటనే ఆగి టేపు వేయాలి, బొబ్బ వచ్చాక వేస్తే తీసేటప్పుడు చర్మం ఊడొస్తుంది. దిగుడులో వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. ముందురోజు గోళ్లు కత్తిరించి, దిగే ముందు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టండి. మోకాళ్లకు నొప్పి ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ, ఒక వెదురు కర్ర అడిగి తీసుకోండి.

వానాకాలంలో జలగలు తప్పవు. ప్యాంటు అంచును మేజోడు లోపలికి దోపండి. పట్టుకున్నదాన్ని లాగకుండా, సన్నటి కొన దగ్గర గోరు జారించి విడిపించాలి. తర్వాత కాసేపు రక్తం ఆగదు, గడ్డకట్టనివ్వని పదార్థం జలగ లాలాజలంలో ఉంటుంది. శుభ్రంగా కడిగి గుడ్డతో అదిమి పట్టండి.

1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు బదిలీ కావు, కాబట్టి మీరు నడిచే చిన్న తోటల్లో ఎక్కువ శాతం గిరిజన కుటుంబాలవే. నవంబరు నుంచి కోత కాలం. ఎర్రటి కాఫీ పండు అందంగా ఉందని కోయకండి, అది వాళ్ల ఏడాది ఆదాయం. ఆరబోసిన గింజలను తొక్కొద్దు, మనుషుల ఫోటో అడిగే తీయండి. తిరుగు ప్రయాణంలో ఎవరైనా పొట్లం ఇచ్చి విశాఖలో అందించమంటే ఒప్పుకోవద్దు. గంజాయి కోసం చెక్‌పోస్టుల్లో బళ్లు తనిఖీ చేస్తారు, మీ సంచిలో దొరికితే మీదే అవుతుంది.

ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. ఇంటికి వచ్చాక నెల రోజుల్లోపు చలిజ్వరం వస్తే మామూలు జ్వరం మాత్రతో ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించి, అరకు వెళ్లొచ్చామని డాక్టరుకు ముందుగా చెప్పండి.