పొద్దంతా పనే, అసలు పని మాత్రం అలాగే ఉందా? ఇలా చేయండి

కావలసినవి: రూళ్ల నోటుబుక్కు, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, గోడ క్యాలెండరు. ఫోన్‌లో యాప్ వద్దు. యాప్ కోసం ఫోన్ తీస్తే ముందు కనబడేది వాట్సాప్, ఇక పావుగంట హుష్‌కాకి.

1. తప్పని తేదీలకు క్యాలెండరులో ఎర్ర సున్నా చుట్టండి. విశాఖ ద్వారకానగర్‌లో ఒక అకౌంట్స్ ఆఫీసే అనుకుందాం. నెలనెలా రిటర్ను వేసే పార్టీలకు (క్లయింట్లకు) 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను) కట్టడం, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న జీఎస్టీఆర్-3బి (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను). పోర్టు దగ్గర కస్టమ్స్ క్లియరింగ్ పని చేసేవాళ్లకైతే కంటైనరు టెర్మినల్ గేటు దాటాల్సిన కటాఫ్ టైము. ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

2. అక్కణ్నుంచి వెనక్కి లెక్కెయ్యండి. 3బి గడువు 20. దాన్ని సరిచూసుకోవాల్సిన 2బి, అంటే అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే కొనుగోళ్ల పట్టిక, వచ్చేది 14న. మధ్యలో ఆరు రోజులు, అందులో చాలాసార్లు ఒక ఆదివారం. అంటే కొనుగోలు బిల్లులన్నీ 13 సాయంత్రానికే లెక్కల్లోకి ఎక్కి ఉండాలి. 19న మొదలుపెట్టి గడువు దాటిస్తే కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము.

3. రేపటికి ఒకే ఒక్క వాక్యం రాయండి. అందరూ తప్పేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

రాయాల్సింది పని పేరు కాదు, సాయంత్రానికి ఏమై ఉండాలన్నది. ‘జీఎస్టీ చూడాలి’ అని రాస్తే రోజంతా చూస్తూనే ఉండొచ్చు. ‘గాజువాక హార్డ్‌వేర్ షాపు కొనుగోళ్లు 2బితో సరిచూసి, తేడా వచ్చిన బిల్లుల జాబితా ఓనరుకి పంపేయాలి’ అని రాయండి. పక్క సీటువాళ్లు చదివి, అయిందో లేదో చెప్పగలగాలి. చెప్పలేకపోతే మళ్లీ రాయండి. ‘ప్రయత్నించాలి’, ‘మొదలుపెట్టాలి’ కనబడితే కొట్టేయండి.

అంకెలతో ఇంకా జాగ్రత్త. ‘ఇవాళ 50 బిల్లులు ఎక్కించాలి’ అనుకుంటే చెయ్యి తనంతట తానే తేలిక బిల్లుల మీదకు పోతుంది. సాయంత్రానికి 50 అవుతాయి. జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నమోదు నంబరు) తప్పున్నవి, రేటు కలవనివి, అంటే 3బిని ఆపేవి మాత్రం కట్టగట్టి అలాగే ఉంటాయి. లెక్క బాగుంటుంది, పని జరగదు. చిక్కు బిల్లులనే వాక్యంలో పేరుపెట్టి రాయండి.

ఇతరుల చేతిలో ఉన్నదాన్ని మీ లక్ష్యంగా పెట్టుకోవద్దు. ‘బకాయి వసూలు చెయ్యాలి’ వద్దు. ‘స్టేట్‌మెంట్ పంపి, ఫోన్ చేసి, ఎప్పుడిస్తారో తేదీ రాసుకోవాలి’ చాలు. చివరిగా, మీ వాక్యం ఏ ఎర్ర సున్నాకు పనికొస్తుందో వేలు పెట్టి చూపించండి. దేనికీ పనికిరాకపోతే గట్టిగా అరిచినవాళ్ల పని ముందుకొచ్చిందన్నమాటే.

పది పనుల జాబితా రాసేవాళ్లూ ఉన్నారు. అందులో తొమ్మిది టిక్కులు పడతాయి, మిగిలిన ఒక్కటే అసలుది.

ఇదంతా ముందురోజు సాయంత్రం సీటు వదిలే ముందే రాయాలి. పొద్దున్న రాద్దామంటే మొదటి ఫోన్ కాల్ మీ బదులు రాసేస్తుంది.

4. పొద్దున్న 9:30 నుంచి 11 దాకా ఆ పనే. ఫోన్ సొరుగులో. స్కానింగు, ఫైళ్లు సర్దడం లాంటివి భోజనం తర్వాతకి నెట్టండి. విశాఖ ఉక్కపోతలో మధ్యాహ్నం రెండింటికి తేడాలు పట్టే బుర్ర ఎవరికీ ఉండదు.

5. మధ్యలో ఎవరైనా పిలిస్తే, లేచే ముందు ‘214 నంబరు బిల్లు దగ్గర ఆగింది’ అని మార్జిన్లో రాయండి. రాయకపోతే తిరిగొచ్చాక మొదటి పేజీ నుంచి వెతుక్కోవాలి. పెద్దాయన కొత్త పని అప్పజెబితే కాదనక్కర్లేదు. ‘సార్, ఇది ఇప్పుడు చేస్తే ఆ షాపు 3బి రేపటికి వాయిదా పడుతుంది, పర్లేదా?’ అని అడగండి. చాలాసార్లు ‘అయితే ముందు ఆ 3బినే కానివ్వు’ అంటారు.

6. వెళ్లే ముందు వాక్యం పక్కన ‘అయింది’ లేదా ‘కాలేదు’. ‘సగం అయింది’ అనేది నిషిద్ధం. వరసగా మూడు రోజులు ‘కాలేదు’ పడితే వాక్యం మరీ పెద్దదైనా అయ్యుండాలి, ఎవరి దగ్గరో కాగితం ఆగైనా ఉండాలి. పెద్దదైతే రెండు ముక్కలు చేసి మొదటి ముక్కే రేపటికి రాయండి. కాగితం ఆగితే, ఫలానావాళ్ల దగ్గర ఫలానా బిల్లు తెచ్చుకోవడమే రేపటి వాక్యం.