పాత వ్యాన్‌కు ట్రైలర్ బ్రేకు – మూడో పాఠం: నాలుగు తీగలు

పోయిన పాఠంలో ట్రైలర్ లైట్ల దాకా వచ్చాం. 12ఎన్ రకం ఏడు పిన్నుల సాకెట్ బిగించి ఇండికేటర్లు, పార్కింగ్ లైట్లు, స్టాప్ లైట్లు వెలిగించాం. ట్రైలర్ స్టాప్ లైటుకు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్చు, పెట్టమన్నాను. పెట్టనివాళ్లు ముందు ఆ పని చూసుకుని రండి. 21 వాట్ల బల్బు ఒక్కటే 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. వ్యాన్‌వి రెండు, ట్రైలర్‌వి రెండు కలిపితే ఏడు ఆంపియర్లు. ఇరవై ఏళ్లు పెడలు దగ్గర నలిగిన స్విచ్చు పాయింట్లు అంత మోయలేవు, కాలిపోతాయి.

ఈసారి బ్రేక్ కంట్రోలర్, అంటే ట్రైలర్ బ్రేకుకు కరెంటు పంపే పెట్టె. అయితే ఇది అందరికీ అవసరం లేదు. మన రోడ్ల మీద తిరిగే జనరేటర్ ట్రాలీల్లో, నీళ్ల ట్యాంకర్లలో చాలావాటికి కరెంటు బ్రేకు ఉండదు. కొన్నిటికి అసలు బ్రేకే ఉండదు. కొన్నిటికి ఓవర్‌రన్ బ్రేకు, అంటే ముందు బండి ఆగితే వెనకనుంచి వచ్చే తోపుకే పట్టేది. మీ ట్రైలర్ అలాంటిదైతే ఈ పాఠం వదిలేసి హాయిగా టీ తాగండి. చక్రం డ్రమ్ము వెనక పళ్లెంలోంచి రెండు తీగలు బయటికి వచ్చి ఉంటే అది ఎలక్ట్రిక్ బ్రేకు. అమెరికాలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి అది. మనం చేయి పెడుతున్నది మా బావమరిది టిఫిన్ ట్రైలర్. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకు, వినాయక చవితికి కాణిపాకానికి పోతుంది. బాడీ ఇక్కడే కట్టించాడు గానీ ఇరుసు ఎవరిదో పాత కారవాన్‌ది, సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. లాగేది 2003 నాటి డీజిల్ వ్యాన్.

డ్రమ్ము లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తీగల సంగతి దానంతట అదే అర్థమవుతుంది. లోపల చెయ్యిలాంటి కడ్డీ ఒకటి, దానికి విద్యుత్ అయస్కాంతం ఉంటుంది. షెడ్డులో అందరం మాగ్నెట్ అనే అంటాం. కరెంటు ఇస్తే అది డ్రమ్ము ఇనప ముఖానికి అతుక్కుని దాంతోపాటే తిరగబోతుంది. ఆ లాగుడుకు చెయ్యి కదిలి బ్రేక్ షూలను తెరిచి డ్రమ్ముకు ఒత్తుతుంది. కరెంటు ఎంత ఎక్కువైతే పట్టు అంత గట్టిది. కంట్రోలర్ చేసే పనల్లా మీరు పెడలు తొక్కినప్పుడు ఆ కరెంటును అవసరమైనంతే కొలిచి పంపడం.

అందుకే కొందరు చేసే అడ్డదారి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కంట్రోలర్ దండగని మాగ్నెట్ తీగను నేరుగా స్టాప్ లైటు తీగకు కలిపేస్తారు. బ్రేకు పడుతుంది, నిజమే. పెడలు మీద కాలు ఆనించినా సరే, మొత్తం పన్నెండు వోల్టులూ పోయి ట్రైలర్ చక్రాలు బిగుసుకుంటాయి. వాన పడిన రోడ్డు మీద ఆ ట్రైలర్ వ్యాన్ పక్కకొచ్చి నిలబడుతుంది.

కంట్రోలర్లు రెండు రకాలు. పెడలు తొక్కాక సెకన్లు లెక్కపెట్టుకుని మెల్లగా కరెంటు పెంచేది ఒకటి. బండి ఎంత గట్టిగా ఆగుతోందో కనిపెట్టి దానికి తగ్గట్టు ఇచ్చేది రెండోది. మొదటిది చవక, ఎటు బిగించినా పనిచేస్తుంది. మన జిల్లాల్లో ఎటు పోవాలన్నా ఒక ఘాట్ తగులుతుంది కాబట్టి నా ఓటు రెండోదానికే. ఏ రకమైనా బయటికి వచ్చే తీగలు మాత్రం నాలుగే: తెలుపు, ఎరుపు, నలుపు, నీలం.

పని మొదలుపెట్టేముందు వ్యాన్‌కు, ట్రైలర్‌కు చక్రాల కింద రాళ్లు పెట్టండి. బ్యాటరీ వోల్టేజి కొలవండి. రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉన్న బండి అయితే 24 వోల్టులు చూపిస్తుంది, 12 వోల్టుల కంట్రోలర్ ఒక్క క్షణంలో కాలిపోతుంది. కొలిచాక మైనస్ టెర్మినల్ ఊడదీయండి. పరీక్షలకు కావలసినప్పుడే మళ్లీ తగిలిద్దాం.

తెల్లతీగ

ఇది ఎర్తు. అందరూ ఆఖర్న చూసుకునేది ఇదే, నేను మొదట పట్టుకునేదీ ఇదే. కారణం నా సొంత అనుభవం. నేను మొదటిసారి వైరింగ్ చేసిన ట్రైలర్‌కు ఎర్తు విడిగా లాగలేదు. కొక్కెం ఇనుమే, అది కూర్చునే గుండు, అదే బాలూ ఇనుమే, కరెంటు దాంట్లోంచి పోకపోతుందా అనుకున్నాను. షెడ్డు ముందర అంతా బాగానే వెలిగింది. పలమనేరు నుంచి రాత్రిపూట చిత్తూరుకు దిగుతున్నాం. మొగిలి ఘాట్‌లో మొదటి మలుపులో బ్రేకు వేస్తే ట్రైలర్ గబుక్కున పట్టింది, మరుక్షణం వదిలేసింది. ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా దాంతో కలిసి కన్ను కొట్టింది. బాలుకు దట్టంగా పూసిన గ్రీజు, దాని మీద దుమ్ము, ప్రతి గుంతకూ ఎగిరిపడే కొక్కెం, ఇదీ నా ఎర్తు! రెండో గేరులో పాకుతూ బంగారుపాళెం చేరి, టీ కొట్టు దీపం కింద ట్రైలర్ ఫ్రేము నుంచి వ్యాన్ బ్యాటరీ మైనస్ దాకా నా దగ్గరున్న వైరంతా పరిచి కట్టాను. తర్వాత చిత్తూరు దాకా బ్రేకు ఒక్కసారి కూడా వదల్లేదు.

కాబట్టి కంట్రోలర్ తెల్లతీగ నేరుగా బ్యాటరీ మైనస్‌కే పోవాలి. డ్యాష్‌బోర్డు కింద దొరికిన ఏదో స్క్రూకు వద్దు. పాత బండి రేకు మీద పెయింటు, దాని కింద తుప్పు. స్క్రూ మెరుస్తుంది గానీ కరెంటు దాటదు. ట్రైలర్ మాగ్నెట్ల ఎర్తు కూడా ప్లగ్గు ద్వారా వ్యాన్‌లోకి వచ్చి, అక్కడి నుంచి విడి తీగ మీద బ్యాటరీ దాకా రావాలి.

ఎర్రతీగ

డ్రైవర్ బ్రేకు తొక్కాడని కంట్రోలర్‌కు చెప్పేది ఇదే. స్టాప్ లైటు స్విచ్చుకు రెండు తీగలుంటాయి. ఒకదాంట్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. రెండోదాంట్లో పెడలు తొక్కినప్పుడే వస్తుంది. మనకు కావలసింది రెండోది.

చెప్పినంత సులువుగా దొరకదు. ఈ వ్యాన్ మీద ఇప్పటికి ఎంతమంది ఎలక్ట్రీషియన్ల చేయి పడిందో లెక్కలేదు. స్విచ్చు దగ్గర నాకు కనిపించింది ఒకే రంగు తీగలు రెండు, పైన జిగురు కారిపోయిన టేపు. డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాను. క్లచ్ పెడలు చెవికి తగులుతోంది. నోట్లో టార్చి, చేతిలో టెస్ట్ ల్యాంపు. పెడలు దగ్గర మా కుర్రాడు.

“అన్నా, తొక్కేదా?”

“తొక్కు.”

“వెలిగిందానా?”

“వెలిగింది. ఇప్పుడు కాలు తియ్.”

“తీసేసినా.”

ల్యాంపు ఇంకా వెలుగుతూనే ఉంది. అంటే అది తప్పు తీగ. ఇక్కడ తొందరపడి మొదటి వెలుగుకే కోసేసేవాళ్లే ఎక్కువ. ల్యాంపు వెలగడమే కాదు, కాలు తీస్తే ఆరిపోవాలి. మూడుసార్లు తొక్కించి, మూడుసార్లు ఆర్పించాకే తీగకు గుర్తు కట్టండి.

మరీ పాత బళ్లలో కొన్నిటికి ఈ స్విచ్చు పెడలు దగ్గర ఉండదు, బ్రేక్ ఆయిల్ పైపుకు బిగించి ఉంటుంది. ఆయిల్ ప్రెషరు పెరిగితేనే పనిచేస్తుంది కాబట్టి కాస్త గట్టిగా తొక్కి చూడాలి.

ఎర్రతీగను స్విచ్చు దగ్గరే కలపండి, మనం పెట్టిన రిలే తర్వాత కాదు. రిలే పోయినరోజు లైటుతోపాటు బ్రేకు కూడా పోకూడదు కదా. తీగ తోలు ఒలిచి, చుట్టి, సాల్డరింగ్ చేసి, స్లీవ్ తొడగండి. నొక్కితే కరిచే ప్లాస్టిక్ క్లిప్పులు పనిని తేలిక చేస్తాయి గానీ, లోపల రాగిపోచలు సగం తెగుతాయి.

ఇంకో చిత్రం కూడా చెప్పాలి. పార్కింగ్ లైట్లు వేయగానే, పెడలు తొక్కకపోయినా కంట్రోలర్ మీద బ్రేకు దీపం వెలుగుతుందనుకోండి. కంట్రోలర్‌ను తిట్టకండి. వ్యాన్ వెనక లైటు ఎర్తు పోయింది. 21/5 వాట్ల బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. ఎర్తు దారి మూసుకుపోతే పార్కింగ్ కరెంటు రెండో ఫిలమెంటులోంచి వెనక్కి తిరిగి స్టాప్ లైటు తీగలోకి ఎక్కుతుంది. ఆ హోల్డరు గీకి శుభ్రం చేస్తే సరి.

నల్లతీగ

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నేరుగా బ్యాటరీ ప్లస్ నుంచి రావాలి. ఫ్యూజు బాక్సు నుంచీ వద్దు, సిగరెట్ లైటర్ నుంచీ వద్దు. బ్యాటరీకి జానెడు దూరంలోపే 20 ఆంపియర్ల సర్క్యూట్ బ్రేకరు పెట్టండి. కంట్రోలర్‌తో వచ్చిన కాగితం వేరే అంకె చెబితే అదే ఖాయం. ఇంజను వైపు నుంచి లోపలికి తీగ దూర్చేచోట రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు ఉంగరం, గ్రోమెట్, తప్పనిసరి. రేకు అంచు బ్లేడుతో సమానం.

నీలం తీగ

మాగ్నెట్లకు పోయేది ఇది. ఇక్కడ రంగులతో ఒక పెద్ద గొడవ ఉంది.

అమెరికా పద్ధతి ఏడు పిన్నుల ప్లగ్గులో నీలం అంటే ఎలక్ట్రిక్ బ్రేకు. మనం పోయిన పాఠంలో బిగించిన 12ఎన్ సాకెట్‌లో నీలం అంటే రెండో పిన్ను, వెనక ఫాగ్ లైటు. అక్కడ నలుపు బ్యాటరీ ప్లస్, ఇక్కడ నలుపు ఎడమ పార్కింగ్ లైటు. అక్కడ బ్రౌను పార్కింగ్ లైట్లన్నిటికీ, ఇక్కడ కుడివైపు దానికి మాత్రమే. పసుపు రెండిట్లోనూ ఎడమ ఇండికేటరే. కానీ అమెరికా ట్రైలర్‌లో అదే బల్బు బ్రేకు లైటుగా కూడా పనిచేస్తుంది, మనకు ఆ రెండూ వేరువేరు. రెండు చోట్లా తేడా లేకుండా కలిసేది తెలుపు ఒక్కటే, ఎర్తు. మా బావమరిది ఇరుసుతో అమెరికా రంగుల తీగ వచ్చింది, బాడీ కట్టినవాళ్లు లైట్లకు ఇక్కడి రంగులు వేశారు. రంగుకు రంగు కలిపి ఉంటే ఫాగ్ లైటు వేసినప్పుడల్లా చక్రాలు బిగుసుకునేవి.

అందుకని నేను బ్రేకు తీగను లైట్ల సాకెట్‌లో పెట్టను. ఈ-రిక్షాలకు, ఫోర్క్‌లిఫ్ట్‌లకు వాడే 50 ఆంపియర్ల రెండు పిన్నుల కనెక్టర్ విడిగా తెచ్చి, నీలం తీగ, మాగ్నెట్ల ఎర్తు అందులో పెడతాను. వేరే ఏ ప్లగ్గూ దానిలో దూరదు, పొరపాటున మారిపోయే ప్రసక్తే లేదు. ఖర్చు కాస్త ఎక్కువే. రాత్రిపూట మంచి నిద్రపోవచ్చు.

ఇక తీగ లావు. పది, పన్నెండు అంగుళాల డ్రమ్ముల్లో ఒక్కో మాగ్నెట్ రెసిస్టెన్సు దాదాపు 3.2 ఓములు. 12 వోల్టులకు 3.75 ఆంపియర్లు, రెండు చక్రాలకు 7.5. బ్యాటరీ నుంచి కంట్రోలర్‌కు వచ్చి, వ్యాన్ కిందుగా ఇరుసు చేరేసరికి పది మీటర్లు అవుతుంది. 1 చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే దారిలోనే దాదాపు 1.3 వోల్టులు ఆవిరి, తిరుగు దారిలో ఎర్తు తీగలో ఇంకో 1.3. బ్రేకు దగ్గరికి తొమ్మిదిన్నరే చేరతాయి. అదే 4 చదరపు మిల్లీమీటర్లు వేస్తే ఒక్కో దారికి 0.3 పోతుంది, అంతే. నలుపు, తెలుపు, నీలం మూడూ 4 వేయండి. ఎర్రతీగకు 1 చాలు, అది కబురు మోసేదే, బరువు మోసేది కాదు. వ్యాన్ కింద సైలెన్సరుకు, తిరిగే షాఫ్టుకు దూరంగా, స్లీవ్‌లో పెట్టి, జానకో క్లాంపుతో ఛాసిస్‌కు కట్టండి.

కంట్రోలర్‌ను డ్రైవర్ చేతికి అందేచోట బిగించండి, మోకాలికి తగలకూడదు. రెండో రకమైతే అది బండి పోయే దిక్కుకు తిన్నగా ఉండాలి, ఎంత వాలు ఒప్పుకుంటుందో దాని కాగితంలోనే ఉంటుంది. ఊగే ప్లాస్టిక్ పలకకు బిగిస్తే ప్రతి గుంతనూ బ్రేకనుకుంటుంది.

ఇప్పుడు బ్యాటరీ తగిలించి పరీక్షించండి. నీలం తీగకు సిరీస్‌లో అమ్మీటరు పెట్టి, కంట్రోలర్ చేతి మీటను చివరిదాకా నొక్కండి. ఏడూ ఎనిమిది మధ్య రావాలి. మూడున్నరో నాలుగో వస్తే ఒక మాగ్నెట్ చచ్చింది, లేదా దాని తీగ తెగింది. ఏ వైపుదో తెలుసుకోడానికి డ్రమ్ము విప్పనక్కర్లేదు. చిన్న దిక్సూచి ఒకటి చక్రం పక్కన పెట్టి మీట నొక్కండి. పనిచేసే మాగ్నెట్ వైపు ముల్లు గిర్రున తిరుగుతుంది. మా ఎడమ చక్రం దగ్గర తిరిగింది, కుడివైపు కదల్లేదు. చూస్తే డ్రమ్ము వెనక ఎలుక కొరికిన తీగ!

ఆఖరి పరీక్ష ఎర్తుకు. మల్టీమీటరు నల్ల మొన బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర మొన మాగ్నెట్ తెల్లతీగ మీద పెట్టి మీట నొక్కితే వచ్చే అంకె ఎర్తులో పోతున్న వోల్టేజి. అరవోల్టు దాటితే ఎక్కడో ఒక లగ్గు, అంటే తీగ చివర బిగించే కన్ను, వదులుగా ఉంది, వెతకండి.

ట్రైలర్‌తో రోడ్డెక్కకండి, బ్రేకు బలం ఇంకా సెట్ చేయలేదు. ఆంపియర్లు, ఎర్తు వోల్టేజి, ఏ తీగ ఎటు పోయిందో ఒక కాగితం మీద రాసి ఫ్యూజు బాక్సు మూత లోపల అంటించండి. నాలుగో పాఠంలో చదునైన ఖాళీ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఆ బలం సర్దేటప్పుడు నేను మొదట అడిగేది ఆ కాగితమే.