షాపిఫై థీమ్‌కి వీట్ జోడించడం – 4వ పాఠం: ఖాళీ అయిపోయిన అసెట్స్ ఫోల్డర్

షాపిఫైలో పెట్టిన ఆన్‌లైన్ కొట్టు రూపాన్ని థీమ్ అంటాం. దాని జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ ఫైళ్లని కట్టి ఇచ్చే పనిముట్టు వీట్, ఆ కట్టే పనే బిల్డ్. థీమ్ బొమ్మలు, ఫాంట్లు, ఈ ఫైళ్లు ఉండేది అసెట్స్ ఫోల్డర్‌లో. ఈసారి ఒక్కో సెక్షన్‌కి, అంటే పేజీలోని ఒక్కో భాగానికి, విడిగా జావాస్క్రిప్ట్ రాయడం నేర్పుతానని మాట ఇచ్చాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పర్లాకిమిడి నుంచి ఒకరు, గుణుపురం నుంచి ఒకరు, ఇక్కడే బరంపురంలో పట్టుచీరల కొట్టున్న ఇంటి అబ్బాయి ఫోన్ చేసి ఒకటే మాట చెప్పారు: "బిల్డ్ కొట్టగానే అసెట్స్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ పోయాయండీ. కొత్తగా వచ్చిన రెండు ఫైళ్లే మిగిలాయి."

తప్పు నాది. నా థీమ్‌లో ఎప్పుడో రాసి పెట్టుకున్న ఒక లైను మీకు చెప్పకుండా వదిలేశాను. రోజూ వాడేది కదా, కంటికి ఆనలేదు.

ముందు పోయినవి వెనక్కి తెచ్చుకుందాం. ఫైళ్ల పాత రూపాలు దాచే గిట్‌లో కమిట్ చేసి ఉంటే అసెట్స్ ఫోల్డర్ మీద గిట్ రిస్టోర్ నడపండి, నిమిషం పని. గిట్ లేనివాళ్లు షాపిఫై థీమ్ పుల్ నడపాలి, షాపిఫైలో ఉన్న ఫైళ్లని మీ కంప్యూటర్‌లోకి దించే కమాండ్ అది. దానికి లైవ్, ఓన్లీ, నో డిలీట్ అనే మూడు ఫ్లాగ్‌లు ఇవ్వండి. ఓన్లీ పక్కన అసెట్స్, స్లాష్, నక్షత్రం రాసి, ఆ ముక్కని కోట్స్‌లో పెట్టండి. కోట్స్ లేకపోతే నక్షత్రాన్ని టెర్మినలే ముందుగా ఫైళ్ల పేర్లుగా విప్పేస్తుంది.

మీరు థీమ్ డెవ్, అంటే పని చేస్తూ పేజీ చూసుకునే కమాండ్, మాత్రమే నడిపి ఉంటే టెన్షన్ వద్దు. అది డెవలప్‌మెంట్ థీమ్ అనే వేరే కాపీ మీద పనిచేస్తుంది, కొనేవాళ్లు చూసే థీమ్‌ని ముట్టుకోదు. మీ ఫైళ్లని షాపిఫైకి పంపే థీమ్ పుష్ సంగతి వేరు. మీ కంప్యూటర్‌లో లేని ఫైలు అక్కడ కనబడితే దాన్ని తీసేస్తుంది. నో డిలీట్ ఫ్లాగ్ ఇస్తేనే ఊరుకుంటుంది. పట్టుచీరల అబ్బాయి పుష్ కూడా చేశాడు. పబ్లిష్ చేయని థీమ్‌లోకి వెళ్లింది కాబట్టి సరిపోయింది. ఫోడా కుంభ అంచు చీరల ఫొటోలన్నీ పోయాయేమోనని వాళ్ల నాన్నగారు భయపడ్డారట. ఉత్పత్తుల ఫొటోలు థీమ్‌లో ఉండవు, షాపిఫై వాటిని విడిగా దాచుకుంటుంది. ఆ థీమ్‌లో పోయినవి లోగో, బుట్ట గుర్తు, ఒడియా ఫాంటు, తెలుగు ఫాంటు. మన ఊళ్లో కొట్టు నడిపేవాళ్లకి ఆ రెండు ఫాంట్లూ కావాల్సిందే. అవి లేకపోతే ఒక్కో ఫోన్‌లో చీర పేరు ఒక్కో తీరున కనబడుతుంది.

ఇంతకీ వీట్ ఎందుకు చెరిపేసింది? వీట్ తన బిల్డ్‌ని మామూలుగా డిస్ట్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. అందులో వీట్ తయారుచేసినవి తప్ప ఇంకేమీ ఉండవు. అందుకే ప్రతి బిల్డ్‌కి ముందు పాతవి ఊడ్చేసి కొత్తవి పెడుతుంది, అక్కడది మంచి పద్ధతే. బిల్డ్‌ని ఎక్కడ పెట్టాలో చెప్పే అవుట్‌డిర్‌ని మనం అసెట్స్‌కి మార్చాం. అసెట్స్ షాపిఫై ఇల్లు, వీట్ అందులో ఒక గదిలో అద్దెకు దిగింది. ఆ సంగతి వీట్‌కి మనం చెప్పలేదు. ఇల్లంతా తనదే అనుకుని ఊడ్చేసింది.

వీట్ కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్లో చెప్పాల్సిన లైను ఎమ్టీఅవుట్‌డిర్, విలువ ఫాల్స్. మూడు ఇంగ్లీషు మాటలు ఖాళీ లేకుండా కలిపి రాయాలి. మొదటి అక్షరం చిన్నది, తర్వాతి రెండు మాటల మొదటి అక్షరాలు పెద్దవి. ఇది బిల్డ్ అనే భాగం లోపల ఉండాలి. బయట రాస్తే పనిచేయదు.

గుణుపురంలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే పాఠం చేశారు. ఫోన్ చేసిన అమ్మాయి ఫైళ్లు పోయాయి, రెండో అమ్మాయివి పోలేదు. ఎందుకో తెలుసుకోవడం ఆ లైను కంటే ముఖ్యం. వీట్‌కి రూట్ అని ఒక చోటు ఉంటుంది, మామూలుగా ప్రాజెక్టు ఫోల్డరే. అవుట్‌డిర్ ఆ రూట్ లోపల ఉంటే వీట్ అడగకుండా ఊడుస్తుంది. బయట ఉంటే ముట్టుకోదు, "ఇది రూట్ బయట ఉంది, ఖాళీ చేయను" అని పసుపు రంగులో ఒక హెచ్చరిక చూపిస్తుంది. మొదటి అమ్మాయి రూట్‌ని మార్చలేదు. రెండో అమ్మాయి ఫ్రంటెండ్ అని ఒక ఫోల్డర్ పెట్టి దాన్నే రూట్ చేసుకుంది. అసెట్స్ దాని బయట పడింది, బతికిపోయింది. ఆ హెచ్చరికని తప్పు అనుకుని, అది పోవాలని ఎమ్టీఅవుట్‌డిర్‌కి ట్రూ ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఫాల్స్ అని రాసినా ఆ హెచ్చరిక పోతుంది. రూట్ ఎక్కడున్నా సరే ఫాల్స్ అని రాసి ఉంచండి. రేపు ఫోల్డర్లు అటూ ఇటూ జరిపినా ఫైళ్లు ఉంటాయి.

ఇదే ఫైల్లో ఇంకో మూడు లైన్లు. అసెట్స్‌డిర్‌కి ఖాళీ కోట్స్ ఇవ్వండి. లేకపోతే అసెట్స్ లోపల ఇంకో అసెట్స్ పుడుతుంది, షాపిఫై అందులో ఉపఫోల్డర్లు ఒప్పుకోదు. పబ్లిక్‌డిర్, అంటే వీట్ ఉన్నదున్నట్టు కాపీ చేసే ఫోల్డర్, ఫాల్స్. ఫైళ్ల దారి ముందు చేరే ముక్క బేస్, దానికి చుక్క, స్లాష్. బేస్ మార్చకపోతే సీఎస్ఎస్‌లోని ఫాంటు దారి స్లాష్‌తో మొదలవుతుంది. బ్రౌజర్ దాన్ని మీ కొట్టు అడ్రసులో వెతికి, దొరకలేదని 404 చూపిస్తుంది. ఫాంటు ఉండేది షాపిఫై ఫైళ్లు పంచే సీడీఎన్‌లో, సీఎస్ఎస్ పక్కనే. ఫైళ్లు తిరిగి తెచ్చుకున్నాక కూడా ఒడియా ఫాంటు రాలేదని పర్లాకిమిడి ఆయన అడిగారు. కారణం ఇదే.

ఫాల్స్ పెట్టాక ఇంకో ఇబ్బంది వస్తుంది. వీట్ ప్రతి ఫైలు పేరు చివర హ్యాష్ అనే కొన్ని అక్షరాల ముక్క తగిలిస్తుంది, కోడ్ మారితే హ్యాష్ మారుతుంది. ఊడవడం ఆపాం కాబట్టి పాతవి పేరుకుపోతాయి. షాపిఫై థీమ్ పేజీలు రాసే భాష లిక్విడ్, అందులో మీరు పిలిచే ప్రధాన ఫైళ్లకి హ్యాష్ తీసేయండి. లిక్విడ్‌లోని అసెట్ యూఆర్ఎల్ ఫిల్టర్ వాటి చివర వెర్షన్ నంబరు తనే చేరుస్తుంది, బ్రౌజర్ పాత కాపీ పట్టుకుని కూర్చోదు. వీట్ విడగొట్టి ఇచ్చే చంక్ ఫైళ్లకి మాత్రం హ్యాష్ ఉంచండి. వాటిని పిలిచేది లిక్విడ్ కాదు, ఇంకో జావాస్క్రిప్ట్ ఫైలు. ఆ వెర్షన్ నంబరు వాటికి రాదు.

నా అలవాటు ఒకటి చెబుతాను. వీట్ నుంచి బయటికి వచ్చే ప్రతి ఫైలు పేరు ముందు "వీట్", ఒక అడ్డగీత పెట్టిస్తాను. బిల్డ్‌కి ముందు ఆ పేరుతో మొదలయ్యేవి మాత్రమే చెరిపే చిన్న కమాండ్ ప్యాకేజ్ ఫైల్లో రాసుకున్నాను. ఏది నాది, ఏది థీమ్‌ది అని వెతుక్కునే పని ఉండదు. వీట్ డెవ్ సర్వర్ 5173 పోర్టు మీద నడిపి పేజీని రీలోడ్ లేకుండా మార్చుకోవడం చాలామందికి ఇష్టం. నాకు మాత్రం రెండు టెర్మినళ్లు చాలు. ఒకదాంట్లో ఫైలు మారగానే తనే మళ్లీ బిల్డ్ చేసే వీట్ బిల్డ్ వాచ్, రెండో దాంట్లో థీమ్ డెవ్, 9292 పోర్టులో పేజీ. కొట్టులోకి వెళ్లబోయే ఫైలే ఎదురుగా కనబడుతుంది.

అభ్యాసం పెద్దదే, ఆదివారం పెట్టుకోండి. థీమ్ ఫోల్డర్‌కి ఒక కాపీ తీసి, అన్నీ గిట్‌లో కమిట్ చేయండి. థీమ్ డెవ్ ఆపేసి ఉంచండి. అసెట్స్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో కాగితం మీద రాయండి. ఇప్పుడు ఎమ్టీఅవుట్‌డిర్ లైను తీసేసి, రూట్‌ని ప్రాజెక్టు ఫోల్డర్‌గానే ఉంచి బిల్డ్ కొట్టండి. మళ్లీ లెక్కపెట్టండి. గిట్ రిస్టోర్‌తో అన్నీ వెనక్కి తేండి. తర్వాత రూట్‌ని ఫ్రంటెండ్ ఫోల్డర్‌కి మార్చి, అవుట్‌డిర్‌ని అక్కడి నుంచి ఒక మెట్టు పైకి చూపించి మళ్లీ బిల్డ్ చేయండి, పసుపు హెచ్చరికని మీ కళ్లతో చదవండి. చివర్న ఫాల్స్ పెట్టి, ఈ కాపీలోనే థీమ్ డెవ్ నడిపి, బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఒడియా, తెలుగు ఫాంట్లు రెండూ 200 తో, అంటే దొరికి, వస్తున్నాయో లేదో చూడండి. ఒకటి 404 అయితే బేస్ లైను దగ్గరికి వెళ్లండి.