ఊరు మారినప్పుడు ఇంటి వ్యాపారానికి కొత్త గిరాకీ

దుకాణం లేకుండా కంపెనీ సరుకును నేరుగా వినియోగదారులకే చేర్చే డైరెక్ట్ సెల్లింగ్ పద్ధతిలో సబ్బులు, సౌందర్య సాధనాలు అమ్ముకునే మహిళలు నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు మారవలసి వస్తే, సామాను సర్దుకోకముందే పాత గిరాకీ వారిని ఒక్క మాట అడగాలి: పాలమూరులో మీ ఆడబిడ్డో, చెల్లెలో, స్నేహితురాలో ఉన్నారా అని. వారే ముందుగా ఫోన్ చేసి మన పేరు చెప్పిన ఇంట్లో దొరికే ఆదరణ, ముక్కూమొహం తెలియని వాకిట్లో ఎంతసేపు నిలబడినా దొరకదు. పైగా 2021 నాటి వినియోగదారుల రక్షణ డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం, గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా విక్రేత వినియోగదారుల ఇంటికి వెళ్లకూడదు.

కొత్త వీధిలో పరిచయాలకు శ్రావణమాసపు పేరంటాలు, బతుకమ్మ ఆటలు మంచి సందర్భాలే. అయితే వాయనానికి పిలిచిన ఇంట్లో సరుకు బయటికి తీయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అక్కడ పలకరింపుతో సరిపెట్టి, ఆసక్తి చూపిన వారిని వీలు అడిగి మరొక రోజు కలవాలి. మొదట ఖరీదైనవి కాక, గిన్నెలు తోమే లిక్విడ్ వంటి త్వరగా అయిపోయే వస్తువు ఇస్తే, అది నచ్చినవారు మళ్లీ తామే పిలుస్తారు. ఆ నమ్మకం కుదరకముందే సభ్యత్వం మాట, అంటే వారినీ కంపెనీ విక్రేతలుగా చేరమనే మాట, ఎత్తితే దొరికిన పరిచయం కూడా దూరమవుతుంది. నల్లగొండలోని పాత వారికి ఆర్టీసీ కార్గోలో పార్సిల్ పంపుతూ ఉండవచ్చు.